మందు కొనలేకపోయినా సరే, ఫ్లిట్ త్రీ టెస్ట్ మాత్రం మొదటి రోజే చేయాలి

"మందు కొనే స్తోమతే లేనప్పుడు ఆ టెస్ట్ రాసి ఏం లాభం అండీ?"

ఈ మాట డాక్టర్ల దగ్గర విన్నాను, పేషెంట్ తరఫు వాళ్ల దగ్గర విన్నాను, మా ల్యాబ్‌లో శాంపిల్స్ ఎంట్రీ చేసే అబ్బాయి కూడా ఓసారి అన్నాడు. అనేవాళ్లెవరూ చెడ్డ ఉద్దేశంతో అనరు, ఎదుటివాళ్ల జేబు మీద జాలితోనే అంటారు. కానీ ఆ మాట తప్పు అని నా గట్టి నమ్మకం, అది ఎందుకు తప్పో ఎప్పటినుంచో రాయాలనుకుంటున్నా. నేను హైదరాబాద్‌లో ఒక మాలిక్యులర్ ల్యాబ్‌లో పని చేస్తాను. బ్లడ్ క్యాన్సర్ శాంపిల్స్ లోంచి డీఎన్ఏ తీయడం, పీసీఆర్ నడపడం, వచ్చిన గ్రాఫులు చదివి రిపోర్ట్ రాయడం, ఇదే రోజూ చేసే పని. మందులు రాసేది నేను కాదు. కానీ ఆ రిపోర్ట్ నాలుగో రోజు వెళ్తే ఏమవుతుందో ఇరవయ్యో రోజు వెళ్తే ఏమవుతుందో మాకు బాగా తెలుసు.

నేననేది ఇంతే. ఏఎమ్ఎల్ (ఒక రకం బ్లడ్ క్యాన్సర్) అని తేలిన ప్రతి మనిషికీ, వాళ్లు ఏ కార్డు మీద అడ్మిట్ అయ్యారన్నదానితో సంబంధం లేకుండా, ఎఫ్ఎల్‌టీ3 అనే జీన్‌లో మార్పు ఉందేమో చూసే టెస్ట్ (హాస్పిటల్లో అందరూ ఫ్లిట్ త్రీ అంటారు) మొదటి రోజే వెళ్లాలి, ఐదు రోజుల్లోపు రిపోర్ట్ చేతికి రావాలి, జబ్బు తిరగబెడితే మళ్లీ చేయాలి.

తెలియనివాళ్లకి ముందు రెండు ముక్కలు చెప్పాలి. ఏఎమ్ఎల్ అంటే అక్యూట్ మైలాయిడ్ లుకేమియా. ఎముక మూలుగలో రక్తకణాలుగా ఎదగాల్సినవి ఎదగకుండా మధ్యలోనే ఆగిపోయి, అలా ఆగిపోయిన బ్లాస్ట్ కణాలే కుప్పలుతెప్పలుగా పెరిగిపోతాయి, మిగతావాటికి చోటు లేకుండా చేస్తాయి. హిమోగ్లోబిన్ పడిపోతుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, జ్వరం వదలదు. వర్షాకాలంలో అయితే డెంగీ ఏమో అనుకుని నాలుగు రోజులు సెలైన్ ఎక్కించుకుని, తర్వాత ఎవరో స్మియర్ (గాజుపలక మీద పూసిన రక్తపు చుక్క) చూసి అనుమానం వస్తే అప్పుడు పెద్దాసుపత్రికి వస్తారు. అమెరికాలో ఈ జబ్బు ఎక్కువగా అరవై ఐదు దాటినవాళ్లకి వస్తుంది, మా దగ్గరికి వచ్చే ఫారాల మీద మాత్రం 28, 34, 41 ఇలాంటి వయసులు చాలా కనపడతాయి. అంటే పిల్లలు ఇంకా స్కూల్లో ఉన్న వయసు, ఇల్లు వాళ్ల జీతం మీదే నడిచే వయసు.

ఇక ఫ్లిట్ త్రీ సంగతి. ఇది తొలిదశలో ఉన్న రక్తకణాల పైపొర మీద ఉండే ఒక రిసెప్టర్, అంటే బయటి సిగ్నల్ అందుకునే ప్రోటీన్, టైరోసిన్ కైనేజ్ రిసెప్టర్ల కుటుంబంలోది. బయటినుంచి దాని జోడీ ప్రోటీన్ వచ్చి తగిలితే రెండు రిసెప్టర్లు జతకడతాయి, లోపలివైపు ఉన్న కైనేజ్ (సిగ్నల్ పంపే ఎంజైమ్ భాగం) ఆన్ అవుతుంది, కణం విభజన చెందాలని సిగ్నల్ వెళ్తుంది. ఎవరూ తగలనంతసేపూ పొరకి ఆనుకుని లోపల ఉన్న ఒక చిన్న ముక్క ఆ కైనేజ్‌ని అణిచి పట్టుకుని ఉంచుతుంది. ఐటీడీ అనే మ్యుటేషన్‌లో సరిగ్గా ఆ అణిచి పట్టుకునే ముక్క దగ్గరే జీన్‌లో కొంత భాగం రెండోసారి వచ్చి చేరుతుంది, దాంతో పట్టు పోతుంది. కాలింగ్ బెల్ బటన్ నొక్కినచోటే ఇరుక్కుపోతే గుమ్మంలో ఎవరూ లేకపోయినా బెల్ మోగుతూనే ఉంటుంది చూడండి, అదే పరిస్థితి. దీన్ని 1996లో జపాన్ పరిశోధకులు మొదట గుర్తించారు. టీకేడీ అని ఇంకో రకం ఉంది, కైనేజ్ భాగంలోనే డీఎన్ఏలో ఒక్క అక్షరం మారుతుంది, ఎక్కువగా డీ835 అనే స్థానం దగ్గర, అది 2001లో బయటపడింది. ఏఎమ్ఎల్ వచ్చినవాళ్లు 100 మంది ఉంటే సుమారు 25 మందికి ఐటీడీ, ఓ ఏడెనిమిది మందికి టీకేడీ ఉంటాయి. అంటే దాదాపు ముగ్గురిలో ఒకరు. ఇదేదో లక్షల్లో ఒకరికి వచ్చే వింత కాదు.

ఐటీడీ ఉన్నవాళ్ల జబ్బు తీరు కూడా వేరుగా ఉంటుంది. చాలామంది తెల్లకణాల కౌంట్ బాగా పెరిగి వస్తారు, కొందరికి లక్ష కూడా దాటుతుంది, కీమోకి మొదట బాగానే లొంగుతుంది, రెమిషన్ (జబ్బు కనపడకుండా అణగడం) వచ్చిందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు, ఆ తర్వాత కొన్ని నెలలకే మళ్లీ తిరగబెడుతుంది. ఈ తిరగబెట్టడమే అసలు సమస్య. మైక్రోస్కోప్ కింద చూస్తే ఐటీడీ ఉన్న బ్లాస్ట్‌కీ లేనిదానికీ తేడా చెప్పడం కుదరదు, ఫ్లో సైటోమెట్రీలో (కణాల పైపొర గుర్తులు చూసే పరీక్ష) తెలియదు, క్రోమోజోముల పరీక్షలో అంతా నార్మల్ అనే వస్తుంది చాలాసార్లు. ఆ ఒక్క పీసీఆర్ చేస్తే తప్ప ఈ మనిషికి ముందుముందు ఏం పొంచి ఉందో ఎవరికీ తెలిసే దారి లేదు.

మందుల వైపు చూస్తే, ఫ్లిట్ త్రీని అడ్డుకునే మిడోస్టారిన్ అనే మందు మీద జరిగిన రాటిఫై ట్రయల్‌ని అందరూ చెప్తారు. 717 మంది, అందరూ ఫ్లిట్ త్రీ మ్యుటేషన్ ఉన్న 18 నుంచి 59 ఏళ్ల లోపువాళ్లు, సగం మందికి మామూలు కీమోతో పాటు మిడోస్టారిన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. నాలుగేళ్ల తర్వాత చూస్తే మందు తీసుకున్నవాళ్లలో 51.4 శాతం, తీసుకోనివాళ్లలో 44.3 శాతం బతికి ఉన్నారు. 2017లో ఫలితాలు వచ్చాయి, అదే ఏడాది ఏప్రిల్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఏడు శాతం తేడా అంటే కొందరికి చిన్నగా కనిపిస్తుంది, ఏఎమ్ఎల్‌లో పాతికేళ్లుగా అదే పాత కీమో తప్ప ఏమీ లేని రోజుల నుంచి వచ్చినవాళ్లకి అది చిన్నది కాదు.

కానీ నాకు ఆ ట్రయల్‌లో మందు కంటే ఎక్కువ నచ్చిన విషయం ఇంకోటి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఆ 717 మందిని వెతికి పట్టుకోవడానికి 3,277 మందిని టెస్ట్ చేశారు, పదిహేడు దేశాల్లో, అదీ ఫలితం 48 గంటల్లో వచ్చేలా ఏర్పాటు చేసుకుని. ట్రయల్ మొదలైంది 2008లో. అంటే రెండు రోజుల్లో ఫ్లిట్ త్రీ ఫలితం ఇవ్వడం ఆనాడే సాధ్యమైంది. మన దగ్గర ఇప్పటికీ రెండు మూడు వారాలు పడుతున్న రిపోర్టులు చూస్తున్నాం, దానికి కారణం సైన్స్ కాదు, టెక్నాలజీ అంతకన్నా కాదు. శాంపిల్ వెళ్లే దారి సరిగ్గా లేదు.

ఆ దారి ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే ఇది బయట ఎవరికీ తెలియదు. బోన్ మ్యారో (ఎముక మూలుగ) తీసేటప్పుడు పక్కన ట్యూబులు పెట్టుకుంటారు. పర్పుల్ మూత ఉన్నది ఈడీటీఏ, ఆకుపచ్చ మూత ఉన్నది హెపారిన్. క్రోమోజోముల పరీక్షకి ఆకుపచ్చ కావాలి ఎందుకంటే అక్కడ కణాలు బతికి పెరగాలి. మాకు పర్పుల్ కావాలి ఎందుకంటే హెపారిన్ పీసీఆర్ ఎంజైమ్‌ని పని చేయనివ్వదు. పేరు చెప్పను గానీ ఒక ఆసుపత్రి నుంచి వచ్చిన శాంపిల్ ఆకుపచ్చ ట్యూబులో వచ్చింది, అదొక్కటే. ఫోన్ చేస్తే మళ్లీ మ్యారో తీయడానికి పేషెంట్ ఒప్పుకోవట్లేదన్నారు, మరి బ్లడ్‌లో బ్లాస్ట్స్ ఉన్నాయా అని అడిగితే చూసి చెప్తామన్నారు, చూసి చెప్పేసరికి కీమో మొదలైపోయింది, కౌంట్ పడిపోయింది, ఇక బ్లడ్‌లో వెతకడానికి ఏమీ మిగల్లేదు. నిజానికి మొదటి రోజు ఆ మనిషి రక్తంలోనే బోలెడన్ని బ్లాస్ట్స్ ఉండి ఉంటాయి, మామూలుగా చేతి నరం నుంచి ఒక పర్పుల్ ట్యూబ్ తీసి పంపినా సరిపోయేది. ఇది చాలామంది జూనియర్లకి కూడా తెలియదు, మ్యారోనే కావాలనుకుంటారు. బ్లాస్ట్స్ బాగా ఉంటే బ్లడ్ చాలు అండీ.

శాంపిల్ సరిగ్గా వస్తే టెస్ట్ చేయడం పెద్ద కష్టం కాదు. ఐటీడీ ఎక్కడ వస్తుందో ఆ చోటుని పీసీఆర్‌తో కాపీలు తీసి, క్యాపిలరీ మెషిన్లో పరిగెత్తిస్తే పొడవుని బట్టి గ్రాఫ్ వస్తుంది. మామూలు జీన్‌కి 330 అక్షరాల దగ్గర ఒక శిఖరం వస్తుంది, అందరికీ ఉంటుంది అది. ఐటీడీ ఉంటే దానికి కుడివైపు ఇంకో శిఖరం లేస్తుంది. ఆ రెంటి మధ్య దూరం 18, 21, 54, 102... ఎంతైనా ఉండొచ్చు గానీ ఎప్పుడూ మూడుతో భాగించబడుతుంది, ఎందుకంటే మూడు అక్షరాలకి ఒక అమైనో ఆమ్లం, ఆ లెక్క తప్పితే ప్రోటీనే తయారవదు, ప్రోటీన్ తయారవకపోతే క్యాన్సర్‌కి దానివల్ల ఉపయోగం లేదు. ఇన్నేళ్లుగా చూస్తున్నా నాకు ఆ మూడు లెక్క చూసినప్పుడల్లా ఒళ్లు ఝల్లుమంటుంది. ఎవరి ఒంట్లోనో జరిగిన పొరపాటు, అయినా వ్యాకరణం తప్పలేదు. టీకేడీ కోసం వేరే పద్ధతి, ఈకోఆర్‌వీ అనే ఎంజైమ్ జీఏటీఏటీసీ అనే ఆరక్షరాలు ఎక్కడ కనపడితే అక్కడ డీఎన్ఏని కోస్తుంది, డీ835 దగ్గర సరిగ్గా ఆ ఆరక్షరాలే ఉంటాయి, మ్యుటేషన్ వస్తే ఆ వరుస చెడిపోయి ఎంజైమ్ కోయలేదు. కోయకుండా మిగిలిన ముక్క కనపడిందంటే మ్యుటేషన్ ఉన్నట్టు. ఉదయం శాంపిల్ వస్తే మరుసటి రోజు సాయంత్రానికి ఇవన్నీ అయిపోతాయి.

ఇప్పుడు చాలాచోట్ల వీటికి బదులు డైరెక్ట్‌గా పెద్ద ఎన్‌జీఎస్ ప్యానెల్ రాసేస్తున్నారు, ఒకేసారి పదుల జీన్లు చూస్తుంది కదా అని. ప్యానెల్ మంచిదే, నేను కాదనను, టీపీ53, ఆర్‌యూఎన్ఎక్స్1 లాంటి జీన్ల సంగతి తెలియాలంటే అదే కావాలి. కానీ దానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఖర్చు ఈ చిన్న టెస్ట్‌కి నాలుగైదు రెట్లు ఉంటుంది, పైగా ఐటీడీ పొడవు ఎక్కువైతే కొన్ని ఎన్‌జీఎస్ సాఫ్ట్‌వేర్లు దాన్ని పట్టుకోలేక వదిలేస్తాయి. అందుకే ముందు ఫ్లిట్ త్రీ, ఎన్‌పీఎం1 (ఏఎమ్ఎల్‌లో తరచుగా మారే ఇంకో జీన్) రెండూ త్వరగా చేసేసి, డీఎన్ఏ దాచిపెట్టి, ప్యానెల్ తర్వాత చేసుకోవచ్చు. యూరోపియన్ లుకేమియా నెట్ అనే నిపుణుల బృందం 2022 సూచనల్లో కూడా ఫ్లిట్ త్రీ లాంటివి మూడు నుంచి ఐదు రోజుల్లో రావాలనే ఉంది.

సరే, మందు కొనలేనివాళ్ల సంగతికి వస్తాను.

మిడోస్టారిన్, క్విజార్టినిబ్, గిల్టెరిటినిబ్ లాంటి ఫ్లిట్ త్రీ మందులు నెలనెలా కొనుక్కోవడం చాలా కుటుంబాల వల్ల కాదు, ఒప్పుకుంటాను. కానీ ఈ వాదనలో అందరూ మర్చిపోయే పేరు ఒకటుంది, సోరాఫెనిబ్. అది అసలు కిడ్నీ, లివర్ క్యాన్సర్ల కోసం వచ్చిన మందు, కానీ ఫ్లిట్ త్రీని కూడా అడ్డుకుంటుంది. బేయర్ కంపెనీ దాన్ని మన దేశంలో నెలకి సుమారు 2,80,000 రూపాయలకి అమ్మేది. మన హైదరాబాద్ కంపెనీ నాట్కో ఫార్మా కంపల్సరీ లైసెన్స్ (పేటెంట్ వేరేవాళ్లదైనా తయారు చేసుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) అడిగింది, 2012 మార్చిలో పేటెంట్స్ కంట్రోలర్ ఇచ్చారు, దేశంలో అదే మొట్టమొదటిది. నెలకి 8,880 రూపాయలకి మించి అమ్మకూడదని షరతు పెట్టారు. బేయర్ సుప్రీం కోర్టు దాకా వెళ్లినా 2014లో అక్కడా నిలబడలేదు. ఇప్పుడు ఆ పేటెంటే అయిపోయింది, చాలా కంపెనీలు తయారు చేస్తున్నాయి. ఆ రోజు పేపర్లలో అందరూ లివర్ క్యాన్సర్ గురించే రాశారు, ఏఎమ్ఎల్ పేషెంట్‌కి కూడా అది అందుబాటులోకి వచ్చిందని ఎవరూ అనుకోలేదు.

సోరాఫెనిబ్‌కి ఏఎమ్ఎల్‌లో అధికారికంగా అనుమతి లేదు, కీమోతో కలిపి ఇచ్చినప్పుడు ఫలితాలు కూడా అన్ని ట్రయల్స్‌లో ఒకేలా రాలేదు, ఆస్ట్రేలియాలో చేసినదాంట్లో అనుకున్నంత ప్రయోజనం కనపడలేదు. ఇది దాచిపెట్టి రాస్తే తప్పవుతుంది. కానీ మూలుగ ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత మెయింటెనెన్స్‌గా, అంటే జబ్బు తిరిగి రాకుండా, ఇచ్చినప్పుడు మాత్రం లెక్కలు బలంగా ఉన్నాయి. జర్మనీ, ఆస్ట్రియాల్లో 83 మంది మీద జరిగిన సోర్‌మెయిన్ ట్రయల్‌లో రెండేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు సోరాఫెనిబ్ వైపు 85 శాతం, ఉత్తుత్తి మాత్ర వైపు 53 శాతం. చైనాలో 202 మంది మీద చేసినా దిశ అదే. అరచేతులు అరికాళ్లు పొక్కులు ఎక్కడం, దద్దుర్లు ఉంటాయి, డోసు తగ్గించుకోవాల్సి వస్తుంది, అయినా అందుబాటులో ఉన్న మందు ఇది. ఎవరికి ఇవ్వాలో తెలియాలంటే మాత్రం ఫ్లిట్ త్రీ రిపోర్ట్ ఉండాలి, అదీ మొదట్లో తీసిన శాంపిల్ మీద. రెమిషన్ వచ్చాక చేస్తే ఏముంటుంది అక్కడ, శిఖరం ఒకటే కనపడుతుంది.

అసలు మందులన్నీ పక్కన పెట్టేయండి. ఐటీడీ ఉందని తెలిసిన రోజే మారాల్సిన పెద్ద విషయం ట్రాన్స్‌ప్లాంట్. ఐటీడీ ఉన్న చాలామందికి మొదటి రెమిషన్‌లోనే, జబ్బు మళ్లీ తల ఎత్తకముందే, దాత మూలుగ ఎక్కించడం గురించి ఆలోచించాలి. దానికి హెచ్ఎల్ఏ మ్యాచ్ (దాత, పేషెంట్ కణాల గుర్తులు కలుస్తాయా అని) చూడాలి, తోబుట్టువు ఒక్కొక్కరికీ కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు, కలవకపోతే సగం మ్యాచ్‌తో అమ్మానాన్నలో పిల్లలో. డబ్బు సమకూర్చుకోవాలి, ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టుకోవాలి, ట్రస్టుల చుట్టూ తిరగాలి, పొలం అమ్మాలా వద్దా తేల్చుకోవాలి. ఇవన్నీ నెలల పని. రెమిషన్ నిలబడేది కూడా కొన్ని నెలలే. టెస్ట్ ఆలస్యమైతే ఈ ఏర్పాట్లు పూర్తయ్యేలోపే రెమిషన్ గడువు అయిపోతుంది.

ఖమ్మం వైపు నుంచి ఒక అబ్బాయి ల్యాబ్‌కి ఫోన్ చేశాడు, వాళ్లన్న రిపోర్ట్ గురించి. "మేడమ్, డిటెక్టెడ్ అని ఉంది, అంటే మంచిదా చెడ్డదా మేడమ్, ఒక్క మాట చెప్పండి చాలు" అని. రిపోర్ట్ అర్థం చెప్పాల్సింది డాక్టర్ గారే, మేం ఫోన్లో చెప్పకూడదు, అదే చెప్పాను. ఆ అబ్బాయి వదల్లేదు. చివరికి "తమ్ముడూ, ఈ కాగితం పట్టుకుని రేపే డాక్టర్ గారి దగ్గరికి వెళ్లు, ట్రాన్స్‌ప్లాంట్ గురించి అడుగు, మీరు ఎంతమంది తోబుట్టువులో చెప్పు" అన్నాను. "నేనూ, ఇద్దరక్కలూ ఉన్నాం మేడమ్, మాది ఇస్తాం, ఎప్పుడు రావాలి" అన్నాడు వెంటనే. డబ్బు లేని ఇల్లే అది, మాటల్లో తెలుస్తూనే ఉంది. మందు కొనలేరు కాబట్టి టెస్ట్ వద్దు అనుకుని ఉంటే ఆ ముగ్గురు దాతలు ఇంట్లోనే కూర్చుని ఉండేవాళ్లు, తమతో ఏదో పనుందని కూడా తెలియకుండా.

ఇంకా ఒక మాట అంటారు, కీమో ఆపి రిపోర్ట్ కోసం కూర్చోలేం కదా అని. కూర్చోమని ఎవరూ అనట్లేదు. ఏడు రోజుల సైటరాబిన్, మూడు రోజుల డౌనోరూబిసిన్ మామూలుగానే మొదలుపెట్టొచ్చు, రాటిఫైలో మిడోస్టారిన్ మొదలైంది ఎనిమిదో రోజునే. ఆలోపు రిపోర్ట్ వస్తే చాలు. పేషెంట్ నిలకడగా ఉంటే కొన్ని రోజులు ఆగినా నష్టం లేదని 2020లో జర్మన్ రిజిస్ట్రీ నుంచి రెండు వేలకి పైగా పేషెంట్ల లెక్కలు కూడా వచ్చాయి, కౌంట్ ఎక్కువుంటే ఈలోపు హైడ్రాక్సీయూరియాతో దించుతారు. కాబట్టి టైమ్ లేదు అనే మాట నిలబడదు.

అన్ని లుకేమియాలకీ ఇది చేయాలని నేననను. సీఎమ్ఎల్ (నెమ్మదిగా పెరిగే ఇంకో లుకేమియా) లో చూడాల్సింది బీసీఆర్-ఏబీఎల్ అనే జీన్, దాని మందు ఇమాటినిబ్ మన దగ్గర చవకే. ఏపీఎమ్ఎల్ అనే రకంలో ఐటీడీ తరచుగానే ఉంటుంది గానీ అక్కడ ఏట్రా, ఆర్సెనిక్ అనే మందులతో వైద్యం నడుస్తుంది, ఫ్లిట్ త్రీ వల్ల దారి మారదు. ఎమ్ఎల్ఎల్ జీన్ తెగి అతుక్కున్న పసిపిల్లల ఏఎల్ఎల్ (ఇంకో రకం లుకేమియా) లో ఫ్లిట్ త్రీ ఎక్కువగా పని చేస్తుందని దాన్ని అడ్డుకునే లెస్టార్టినిబ్ అనే మందు ప్రయత్నించారు, లాభం రాలేదు. అక్కరలేని చోట రాయించి డబ్బు ఖర్చు పెట్టించడం కూడా అన్యాయమే.

తిరగబెట్టినప్పటి సంగతి మాత్రం వదలకూడదు. మొదట నెగటివ్ వచ్చినవాళ్లకి తిరగబెట్టేటప్పుడు ఫ్లిట్ త్రీ కొత్తగా రావచ్చు, మొదట ఉన్నది పోవచ్చు. ఎందుకంటే ఇది చాలాసార్లు జబ్బులో చివర్లో చేరే మ్యుటేషన్, కణాలన్నింటిలోనూ ఉండదు, కీమో ఒక గుంపుని చంపితే ఇంకో గుంపు పెరుగుతుంది. గిల్టెరిటినిబ్ మీద జరిగిన అడ్మిరల్ ట్రయల్‌లో, జబ్బు తిరగబెట్టిన లేదా లొంగని 371 మందిలో, మామూలు కీమోతో సగం మంది 5.6 నెలలు దాటి బతికితే ఈ మాత్రతో సగం మంది 9.3 నెలలు దాటి బతికారు. పాత రిపోర్ట్ చూసి నెగటివ్ అని వదిలేస్తే ఆ మాత్ర పని చేసే మనిషికి కూడా అది అందదు. డిశ్చార్జ్ సమ్మరీల్లో ఇంకో ఘోరం చూస్తుంటాను, టెస్ట్ చేయకపోయినా ఆ గడిలో గీత గీసేస్తారు, తర్వాత చదివినవాళ్లు దాన్ని నెగటివ్ అనుకుంటారు. చేయలేదు అని రాయడానికి ఒక్క సెకను పట్టదు.

ప్రభుత్వం చేయగలిగింది పెద్ద ఖర్చుతో కూడుకున్నది కూడా కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పుణ్యమా అని రెండు రాష్ట్రాల్లోనూ ఎంతోమంది పేదవాళ్లు కీమో తీసుకోగలుగుతున్నారు. ఏఎమ్ఎల్ కీమోకి అప్రూవల్ అడిగేటప్పుడే ఫ్లిట్ త్రీ శాంపిల్ పంపినట్టు రసీదు జతచేయాలని రూల్ పెట్టి, దాని ఖర్చు విడిగా ల్యాబ్‌కి ఇచ్చేస్తే సరిపోతుంది, కీమో ప్యాకేజీలో కలిపేస్తే ఆసుపత్రికి అది తగ్గించుకోవాల్సిన ఖర్చుగానే కనిపిస్తుంది. ప్రతి జిల్లాలో మెషిన్ పెట్టక్కర్లేదు. రెండు రాష్ట్రాలకీ కలిపి మూడు నాలుగు మంచి ల్యాబులు చాలు, ఆర్టీసీ కార్గోలో రాత్రికి రాత్రే శాంపిల్ హైదరాబాద్‌కో విశాఖకో చేరుతుంది, ఈడీటీఏ ట్యూబ్‌లో ఒకట్రెండు రోజులు డీఎన్ఏ ఏమీ కాదు.

ఇది చదివేవాళ్లలో ఎవరింట్లోనైనా ఇప్పుడే ఏఎమ్ఎల్ అని చెప్పి ఉంటే, డాక్టర్ గారిని మర్యాదగానే అడగండి, ఎఫ్ఎల్‌టీ3 శాంపిల్ వెళ్లిందా, ఏ రోజు వెళ్లింది, ఏ ల్యాబ్‌కి అని. వెళ్లకపోతే కీమో మొదలయ్యేలోపు పర్పుల్ మూత ట్యూబ్‌లో రక్తం తీసి పెట్టమనండి. ఇవాళ టెస్ట్‌కి డబ్బు లేకపోయినా సరే ఆ ట్యూబ్ తీసి పెట్టించండి, డీఎన్ఏ తీసి ఫ్రీజర్లో దాచమంటే ల్యాబ్ వాళ్లు దాస్తారు, డబ్బు సర్దుబాటయ్యాక చేయించుకోవచ్చు. రిపోర్ట్ వచ్చాక దాని ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి, ఆసుపత్రి మారితే మొదట అడిగేది అదే.